పలకల వెనక రాసినవి

ఇల్లు 211

పొద్దున ఆరున్నరకి మొదటి బోల్టు బిగించాం. సాయంత్రం నాలుగింటికి తాళంచెవి చేతికిచ్చేశాం. ఆరుగురున్న కుటుంబం. పద్నాలుగు నెలలుగా టార్పాలిన్ కింద ఉన్నారు. ఇంటాయన తలుపు తీశాడు, మూశాడు, మళ్లీ తీశాడు. అలా ఓ పదిసార్లు చేసి నవ్వాడు.

ఈ పుస్తకం నా సొంతం. ఆఫీసుకి వేరే ఫారం ఉంది. ఇంటి నంబరు, పలకల సంఖ్య, కొలతలు సరి లేదా సరికాదు, కింద పల్లాలమ్మ, మేస్త్రి, అని నా సంతకం. అందులో పట్టనివి ఇక్కడ రాసుకుంటాను.

ఇవాళ పట్టనిది ఒకటి జరిగింది. తూర్పు గోడ పలక ఎత్తబోతూ తిప్పితే, లోపలి పొర అంటించే వైపు పెన్సిలుతో రాసి ఉంది.

"ఇది రెండు మిల్లీలు తక్కువండి. రబ్బరు పట్టీ ఇంకోటి వేసుకోండి. ఆయ్."

ఆ ఆఖరి మాట దగ్గర స్పానరు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మా గోదావరి లంకలు మునిగాక ఈ మిట్ట మీదకొచ్చి ఏడేళ్లయింది. ఇక్కడ ఆ మాట అనేవాళ్లు లేరు. అసలు దాన్ని రాసేవాళ్లు మా వైపు కూడా ఎవరూ లేరు, నోటితో అనడమే.

"ఏమైందమ్మా, తేలుగాని ఉండాదా?" అని ఓబులేసు పరిగెత్తుకొచ్చాడు.

లేదన్నాను. టేపు పెట్టి కొలిచాను. సరిగ్గా రెండు మిల్లీలు తక్కువ. పట్టీ రెండు వరసలు వేసి బిగించాను. ఫారంలో 'కొలతలు సరి' అని రాశాను.

ఇల్లు 213

ఓబులేసు నాతో పనిచేసే ఒకే ఒక్క మనిషి. యాభై అయిదేళ్లుంటాయి. ఈ నేల మీదే పుట్టాడు, నలభై ఏళ్లు రాయి కట్టాడు. నేను ఓబులేసుగారూ అని పిలిస్తే ఆ 'గారు' ఎవరా అన్నట్టు వెనక్కి చూస్తాడు.

"ఇది ఇల్లా అమ్మా? అగ్గిపెట్టె. గోడకు మేకు కొట్టేదానికి లేదు. దీపం పెట్టుకునేదానికి గూడు లేదు. కొడుక్కు పెండ్లయితే ఒక గది పెంచేదానికి లేదు. వాన పడితే లోపల మాట వినపడదు."

"మీ రాతి ఇల్లు ఎన్నాళ్లు పడుతుందండీ?"

"రెండేండ్లు. మంచిగ కట్టాలంటే మూడు."

"ఇక్కడ నాలుగు వందల కుటుంబాలు ఎదురుచూస్తున్నాయి."

రెండు వాదాలూ నిజమేనని ఇద్దరికీ తెలుసు. ఈ ఇల్లు ఒక్క రోజులో లేస్తుంది, నలుగురు మోయగలరు, నేల పనికిరాదంటే విప్పి ఇంకోచోట పెట్టొచ్చు. కానీ దాని ప్రాణమంతా కొలతలో ఉంది. రాతి గోడలో ఒక రాయి వంకరైతే పక్క రాయి సర్దుకుంటుంది. పలక సర్దుకోదు.

ఇవాళ్టి పలక వెనక: "ఇదీ రెండే తక్కువ. ప్రెస్సు చప్పుడు దూరం నుంచి వింటే పనసపొట్టు కొడుతున్నట్టుంటది."

పనసపొట్టంటే కూరకి పచ్చి పనసకాయని కత్తితో సన్నగా కొట్టడమని ఓబులేసుకి చెప్పబోయి ఊరుకున్నాను. అతనికి చదువు రాదు, పలక వెనక మాటలు రాసి ఉన్నాయని కూడా తెలియదు. చెప్పాలనీ అనిపించలేదు.

ఇల్లు 216

పలకలు కింద రేవు ఫ్యాక్టరీలో తయారవుతాయి. సముద్రం ఎక్కి ఎక్కి చివరికి ఆగిన చోటు అది. వడ్ల ఊకని జిగురుతో కలిపి అచ్చులో పెట్టి ప్రెస్సుతో నొక్కుతారు. రోప్‌వే తొట్టెల్లో పెట్టెలు పైకొస్తాయి, ఖాళీ పెట్టెలు వెనక్కి దిగుతాయి. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి రేవు. మనిషి ఎక్కాలంటే ఆఫీసు చీటీ కావాలి, ఏడాదికొకసారి ఇస్తారు. నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ నీళ్లు చూడాలని లేదు. ఫోన్లు పోయి చాలా ఏళ్లయింది. ఆఫీసులో ఒక రేడియో ఉంది, దాన్ని తుపాను కబుర్లకీ సరుకు పద్దులకీ తప్ప ముట్టనివ్వరు.

అందుకని పోయిన వారం ఖాళీ పెట్టె మూత లోపల సుద్దముక్కతో రాశాను. "నా పేరు పల్లాలమ్మ. మాది గువ్వలంక. మీది ఏ ఊరండీ?"

ఇవాళ జవాబొచ్చింది. అక్షరాలు పలక నిండా ఉన్నాయి.

"అమ్మో, గువ్వలంకా! మాది ఎదురుగట్టు. మీ దొండ పందిళ్లు మా గట్టు మీంచి కనపడేవి. మావాళ్లు మీ లంకలోనే పిల్లనిచ్చారు. అంచేత నిన్ను వదినా అంటాను, ఏవనుకోకు. ఇది మూడు తక్కువ."

రాసేది ఆడమనిషన్నమాట. వదినా అని పిలిపించుకుని ఏడేళ్లయింది. ఇక్కడివాళ్లు మంచివాళ్లే, అమ్మా అంటారు, అక్కా అంటారు. ఆ పిలుపులో ఉండే వేళాకోళం మాత్రం ఇక్కడ దొరకదు. ఆ పలకకి లోపలి పొర అంటించడానికి చాలాసేపు చేతులు రాలేదు. అంటించాక ఇంకెవరికీ కనపడదు. ఆ ఇంట్లో వాళ్లు మంచం ఆ గోడకే వేసుకున్నారు.

కొలతలు సరి అని రాశాను. సరికాదు అని రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. రెండేళ్ల కిందట పైకప్పు రేకుల మీద అలా రాశారు. ఆ ప్రెస్సు మూసేసి పనివాళ్లందరినీ పడవెక్కించి ఉత్తరపు రేవుకి పంపేశారు. తొమ్మిది రోజుల ప్రయాణం. వాళ్ల కబురు ఒక్కటీ మళ్లీ రాలేదు.

మూడు మిల్లీలే కదా. పట్టీ ఉంది.

ఇల్లు 219

వాన. నెల తిరగని పసిబిడ్డతో బాలింత చెట్టు కింద తడుస్తూ కూర్చుంది. ఇవాళ కొలతల్లేవు, ఏమీ లేవు. నేను పైకప్పు మీద ఉండి, "ఓబులేసుగారూ, పలక వెంటనే పలక పెట్టేయండి" అని అరిచాను. మూడింటికల్లా తల్లీబిడ్డా లోపలున్నారు. ఇలాంటి రోజున ఓబులేసు కూడా అగ్గిపెట్టె అనడు.

ఉత్తరం గోడ వెనక చూడటం కుదరలేదు. పోనీలే, పై వారం వస్తుంది కదా.

ఇల్లు 222

"తూర్పు 4 తక్కువ."

అంతే. వదినా లేదు, ఆయ్ లేదు. అన్ని పలకలూ తిప్పి చూశాను. ఓబులేసు విసుక్కున్నాడు.

నేనేమన్నా తప్పు రాశానా? పోయిన వారం మూత మీద ఏం రాశానో గుర్తుచేసుకున్నాను. ఇక్కడి ఎర్రమట్టిలో దొండతీగ వేశాననీ, ఆకు బాగుందిగానీ కాయ చేదనీ రాశాను. అందులో కోపగించుకోడానికి ఏముంది?

ఇల్లు 230

"5 తక్కువ. పైన కూడా 3."

ఎనిమిది ఇళ్లుగా ఇదే తీరు. నేను మాత్రం ప్రతి వారం మూత నిండా రాస్తున్నాను. ఇక్కడి గాలి గురించి, ఓబులేసు ముద్ద తినే తీరు గురించి, చివరికి కాసిన రెండు తియ్యటి దొండకాయల గురించి. అటునుంచి అంకెలే వస్తున్నాయి. ఆ అంకెలైనా ఆమె చేతివే. ఐదుకి తోక బాగా కిందకి లాగుతుంది. పెట్టె తెరిచినప్పుడల్లా ఆ తోక కోసం చూస్తున్నాను.

రబ్బరు పట్టీలు మూడు వరసలు పెడుతున్నాం. గట్టిగా బిగించకుండా వదిలిన బోల్టులా ఉంది నా మనసు. కొలతలు సరి.

ఇల్లు 238

ఇవాళ వాక్యాలొచ్చాయి.

"మీ ఆఫీసులో రాశావా లేదా? అచ్చు అరిగిపోయిందని ఇక్కడ మేం ఎంత మొత్తుకున్నా వినరు. పైనుంచి కాయితం వస్తేనే వింటారు. అందుకే కదా ప్రతి పలక మీదా రాసేది. ఇళ్లలో పిల్లలుంటారు."

చదివి మెట్టు మీద కూలబడ్డాను. ఆమె మొదటి రోజు నుంచీ రాస్తున్నది నాకు ఉత్తరాలు కావు. ఫిర్యాదు. పైన ఎవరో ఒక మేస్త్రి చదివి, తన పని తాను చేస్తుందని నమ్మి రాసింది. నేను ఆ ఫిర్యాదుని ఉత్తరంలా చదువుకుని, ఇంకో ఉత్తరం వస్తుందని దాచిపెట్టుకున్నాను.

మూత మీద 'రాస్తాను' అని రాశాను. ఫారం ముందేసుకున్నాను. సరికాదు అని రాస్తే ఈ అంకెలు కూడా ఆగిపోతాయి. ఒక్క వారం ఆగుదాం అనుకున్నాను. 'సరి' అని రాశాను. ఎవరూ చదవని పుస్తకం కాబట్టి ఇక్కడైనా దాచకుండా చెబుతున్నాను.

ఇల్లు 243

బిగించలేదు. మధ్యాహ్నం గాలివాన వచ్చింది. 236వ నంబరు ఇంటి పైకప్పు మూల లేచి, పలక ఒకటి లోపలికి పడింది. లింగమ్మ అనే ముసలామె భుజం ఎముక విరిగింది. డెబ్బై ఏళ్లుంటాయి. పక్కనే మనవరాలు ఉయ్యాల్లో ఉంది. జానెడు దూరం.

వైద్యశాలకి వెళ్లాను. లింగమ్మ నన్ను చూసి తనే ఓదార్చింది.

"నువ్వేం చేస్తావు తల్లీ, గాలికి మనం అడ్డం పోతామా?"

"గాలి వల్ల కాదమ్మా. పలకలు తక్కువొచ్చాయి. నాకు తెలుసు. తెలిసే బిగించాను."

భుజం కట్టు మీద చెయ్యి వేసుకుని అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"నాలుగు నెలలు."

గోడవైపు మొహం తిప్పుకుంది. నేను వెళ్లలేక, ఉండలేక అక్కడే నిలబడ్డాను. కొంచెంసేపటికి అటు తిరిగే, "నీళ్లియ్యి" అంది. ఇచ్చాను. తాగి గ్లాసు నా చేతికివ్వకుండా కింద పెట్టింది.

అటునుంచి నేరుగా ఆఫీసుకి వెళ్లాను. గిడ్డయ్యసారు కాలనీ అధికారి, నిదానస్తుడు. అంతా విన్నాడు.

"ఎన్ని ఇండ్లు?"

"211 నుంచి ఇప్పటిదాకా బిగించినవన్నీ సార్. ఇంకో నాలుగిళ్ల పలకలు పెట్టెల్లో ఉన్నాయి, కింద ఇంకో పెట్టె తయారవుతోంది."

"తెలిసి కూడా సరి అని రాసినావు. ఎందుకు?"

కారణం చెప్పాను. పెన్సిలు రాతల గురించి, వదినా అన్న పిలుపు గురించి. చెబుతుంటే ఎంత చిన్న సంగతో అనిపించింది. ఆయన కొత్త ఫారం తీసి ముందు పెట్టాడు. 'సరికాదు' అని రాశాను.

"మేస్త్రి పని తీసేస్తా ఉండా. కానీ అన్ని ఇండ్లూ నువ్వే విప్పల్ల, నువ్వే మళ్లా బిగించల్ల. అయ్యేదాకా నీకు వేరే పని లేదు."

ఆఖరి పెట్టె

పెట్టె వచ్చింది. అందులో పలకలు వాడకూడదు కాబట్టి తెరవాల్సిన అవసరం లేదు. తెరిచాను. ఒకదాని వెనక ఉంది.

"రాసినట్టున్నావు. సోమవారం నుంచి ప్రెస్సు ఆపేస్తున్నారు. మంచి పని చేశావు, ఆలస్యమైనా. మమ్మల్ని ఉత్తరపు రేవుకి పంపుతున్నారు. నీ మీద నాకు వేరే కోపం ఉంది. అది పలక మీద రాసేది కాదు."

వేరే కోపం. ఏ కోపం? ఎంత ఆలోచించినా అందలేదు. పెట్టె మూత మీద రాసి పంపినా చదవడానికి అక్కడ ఎవరూ ఉండరు.

242 తిరిగి, 241 తిరిగి

కొత్త పలకలు వేరే ఫ్యాక్టరీవి. వెంట్రుకవాసి తేడా లేదు. రసమట్టం పెడితే బుడగ మధ్యలోంచి కదలదు. వెనక వైపు కూడా నున్నగా, తెల్లగా ఉంటాయి. పెన్సిలు పెట్టినా అంటదు. ఇల్లు సగం రోజులో లేస్తోంది.

తేడా ఎక్కువగా ఉన్నవి ముందు విప్పాలని చివరి ఇంటి నుంచి వెనక్కి వస్తున్నాం. మనుషులు వారాలూ నెలలూ బతికిన ఇళ్లు ఇవి. మేకు దిగని గోడకి అన్నం మెతుకులతో కాలెండరు అంటించుకున్నారు. ఒకళ్లు కిటికీ అంచుకి అట్టముక్క కట్టి దీపం గూడు చేసుకున్నారు. ఓబులేసు దాన్ని చూసి, కొత్త గోడ లేచాక తనే దాన్ని జాగ్రత్తగా అక్కడ కట్టాడు.

236లో లింగమ్మ కొడుకు తలుపు దగ్గర నిలబడి ప్రతి బోల్టూ చూశాడు. చూడనిచ్చాను.

పొర ఊడదీసిన ప్రతిచోటా ఆమె అంకెలు బయటికొస్తున్నాయి. ఐదు, ఐదు, నాలుగు. పాత పలకలు పిండి చేయడానికి వెనక్కి పంపుతారు. కావాలంటే ఓ ముక్క కోసిస్తానన్నాడు ఓబులేసు. నేను వాటిని ఎందుకంతసేపు చూస్తున్నానో ఇప్పుడు అతనికీ తెలుసు. వద్దన్నాను.

219 తిరిగి

ఉత్తరం గోడ. వాన రోజున నేను చూడనిది.

"వదినా, మంగళవారం మాకు సెలవు. ఖాళీ తొట్టెలో దిగి రాకూడదూ? రోప్‌వే గేటు దగ్గర పసుపు గొడుగు వేసుకుని నిలబడతాను. ఈ వారం కుదరకపోతే పై వారం కూడా నిలబడతాను. నా పేరు వీరవేణి. నువ్వెలా ఉంటావో చూడాలనుంది, ఆయ్."

ఓబులేసు పలక అందుకున్నాడు.

"ఇది ఆ పొద్దు పెట్టింది నేనే. ఏందో గీతలుండె. గుర్తులనుకొంటి అమ్మా. నాకు సదువు రాదు కదా."

"మీ తప్పు కాదండీ. తొందరపెట్టింది నేను."

"ఏం రాసిండాది?"

చదివి వినిపించాను. నలభై ఏళ్లు రాయి మోసిన మనిషి, పలకని నేల మీద దించకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాడు. లోపల ఆ బాలింత బిడ్డకి పాలిస్తోంది. బిడ్డకిప్పుడు రెండు పళ్లొచ్చాయి. నాలుగు నెలలుగా ఆ పిల్ల నిద్రపోయింది ఈ పిలుపు పక్కనే.

సాయంత్రం రోప్‌వే దగ్గరికి వెళ్లాను. తొట్టెలు నడిపే నరసింహులు నెలలో సగం రోజులు కింద ఉంటాడు.

"పసుపు గొడుగా? ఔను, ఒకామె నిలబడతా ఉండె. మంగళారం మంగళారం. సరుకు కోసమేమో అనుకొంటిమి."

"ఎన్ని వారాలు?"

"వానాకాలమంతా నిలబడింది. ఈ మధ్యనే కనపల్లేదు."

గిడ్డయ్యసారు దగ్గరికి వెళ్లి చీటీ అడిగాను. ఏడేళ్లలో మొదటిసారి.

"ఇప్పుడు అక్కడ ఎవరుండారు?"

"ఎవరూ లేరండి."

ఆయన చీటీ రాశాడు. మంగళవారం అని తేదీ వేశాడు.

మంగళవారం, రేవు

తొట్టె కొండ మలుపు దాటగానే నీళ్లు కనిపించాయి. కళ్లు మూసుకుందామనుకున్నాను గానీ మూసుకోలేదు. అంచు లేకుండా ఉన్నాయి. మా లంక ఎటువైపు ఉండేదో తెలుసుకుందామని చూశాను. చెప్పడానికి ఒక్క ఆనవాలూ లేదు.

ఫ్యాక్టరీ గేటుకి తాళం. గేటు పక్కన రేకుల కొట్టులో ఒకామె టీ కాస్తోంది. నేను గేటు దగ్గర నిలబడ్డాను. మధ్యాహ్నం ఎండ. గంట గడిచాక ఆమే బయటికొచ్చింది.

"ఎవరికోసమండీ?"

"వీరవేణిగారని..."

నా మాట పూర్తికాలేదు. "మీరు పైనున్న వదినగారేనేటండీ?" అంది. "కూకోండి, కూకోండి. ఆవిడ ఎల్లిపోయి నెల దాటిందండి."

టీ ఇచ్చింది. వీరవేణి సెలవు రోజున ఆమె కొట్టులోనే అన్నం తినేదట. మనిషి పొట్టి అనీ, ఎడమచేతి వాటమనీ, ప్రెస్సులో చూపుడువేలు కొస పోయిందనీ, నవ్వితే కొట్టంతా వినపడేదనీ చెప్పింది. ఒక్కో మాటా నేను అడగకుండానే చెబుతోంది. ఆపుతుందేమోనని నేను టీ కూడా తాగలేదు.

"నామీద కోపంగా వెళ్లిందాండీ?"

"కోపమేనండి, అబద్ధవెందుకు. ఆఖరి వారం గొడుగు తెరవనే లేదు, ఎండలో అలాగే నిలబడింది. దొండకాయల సంగతులు మూతల నిండా రాస్తాది గాని, వచ్చేదీ రానిదీ మాత్రం ఒక్క ముక్క రాయదు అనేదండి. మళ్లీ ఆవిడే, పైన పనెక్కువుంటదిలే అని సర్దుకునేది."

ఆ రాత నేను చూడలేదని, గోడలో ఉండిపోయిందని చెప్పాను. ఆమె చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో. ఈ మాట ఆవిడకి ఎవరు చెప్తారండీ?"

ఉత్తరపు పడవ అమావాస్యకీ పౌర్ణమికీ కదులుతుందట. ఇళ్లు విప్పి బిగించాల్సినవి ఇంకా ఎనిమిదున్నాయి. నాలుగింటి తొట్టెలో పైకొచ్చేశాను.

211 తిరిగి

ఇవాళ ఆఖరి ఇల్లు అయిపోయింది. తలుపు పదిసార్లు తీసి మూసిన ఆయన ఈసారి ఒక్కసారే మూసి, బాగుందన్నాడు. నిన్న లింగమ్మని చూసి వచ్చాను. చెయ్యి ఇంకా పైకి లేవడం లేదు. గోడలో ఉండిపోయిన వీరవేణి రాత గురించి నేను చెప్పింది విని, "పో, ఆయమ్మకు చెప్పు" అంది. క్షమించానని అనలేదు.

గిడ్డయ్యసారు నా పేరు ఇక్కడి పుస్తకంలోంచి కొట్టేసి, ఉత్తరపు రేవుకి బిగింపు పనిమనిషిగా కాయితం రాసిచ్చాడు. మేస్త్రిగా కాదు. అమావాస్య ఎల్లుండి.

ఓబులేసు సంచి మోసుకుంటూ రోప్‌వే దాకా వచ్చాడు. తొట్టె ఎక్కాక అంచు పట్టుకుని అడిగాడు.

"అంత దూరం పోతాండావు. ఆయమ్మ నీతో మాట్లాడకపోతే?"

"మాట్లాడేదాకా అక్కడే ఇళ్లు బిగిస్తానండి," అన్నాను. "అక్కడా టార్పాలిన్ల కింద జనం ఉన్నారట."

అతను అంచు వదిలాడు. తొట్టె కదిలింది.